వీపు ఆనించని పీట

మా ముత్తాత రామచంద్రరావు దొర కిన్నెరసాని వాగుకు ఇవతలి ఊళ్ళన్నిటికీ పటేలు. మా తాత వెంకటరావు దొర కాలంలో శిస్తు జమాబందీకి వచ్చే అధికారులు కూడా కోటలాంటి మా గడి మలుపు దగ్గరే గుర్రం దిగి, జోళ్ళ దుమ్ము దులుపుకుని, నడిచి లోపలికి వచ్చేవారట. మా నానమ్మ రుక్మిణమ్మ దొరసాని పల్లకీ వస్తుంటే బావి దగ్గర ఆడవాళ్ళు చేదలు వదిలేసి పక్కకు నిలబడేవారట. ఆ ఇంటి చివరి సంతానం నేను. పేరు రాజ్యలక్ష్మి. భూములు చట్టాల్లో కొన్ని, కోర్టుల్లో కొన్ని పోయాయి. గడి వానకు కూలింది. నేను పుట్టేనాటికి మాకు మిగిలినవి పేరు, కొన్ని సామాన్లు, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చునే అలవాటు.

ఆ అలవాటు సంగతి ముందే చెప్పాలి. మా ఇంటి ఆడవాళ్ళు గోడకు ఆనుకుని కూర్చోరు. "గోడకు ఒరిగేది అలిసినోళ్ళు. మనకేం అలుపు?" అనేదట నానమ్మ. ఆమెకు జిట్రేగి కర్రతో చేసిన వెడల్పాటి పీట ఒకటి ఉండేది. నాలుగు పొట్టి కాళ్ళు, అంచుల్లో ఇత్తడి పువ్వులు, వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు. ఆమె తర్వాత మా అమ్మ దాని మీద కూర్చుంది. అమ్మ తర్వాత అది నాతో పాటు మణుగూరు వచ్చింది. మా ఆయన శ్రీధర్ బొగ్గు గనిలో మట్టి తోడే షావెల్ యంత్రం నడుపుతాడు. మామగారు గనిలోనే పనిచేసి రిటైరయ్యారు. మేము, మా మరిది, అతని భార్య సరిత, అత్తమ్మ, మామ, అందరం ఒకే క్వార్టర్‌లో ఉంటాం.

ఇప్పుడు నా రొమ్ము మీది గాయం మానింది. మచ్చ మిగిలింది. పాలిచ్చే తల్లి పడే బాధను మనవాళ్ళు రోగం అనరు. "అందరం కనలేదా, అందరం ఇయ్యలేదా" అంటారు. నొప్పి పడుతున్న తల్లి పక్కనే ఇంకో తల్లి హాయిగా పాలిస్తుంటే ఆ నొప్పికి ఇంకోటి తోడవుతుంది. దాని పేరు ఈర్ష్య. రొమ్ము గడ్డకు మందుంది. దీని గురించి చెప్పేవాళ్ళు కూడా లేరు. అందుకే రాస్తున్నాను.

మాఘం

పాప భద్రాచలం దవాఖానాలో పుట్టింది. ఇంటికి పంపే ముందు, నేను పాలిస్తుంటే, నర్సు నా వెనక దిండు పెట్టబోయింది.

"ఆనుకొని కూసో తల్లీ. గట్ల కట్టెలెక్క ఉంటే బిడ్డకు ఎట్ల అందుతది?"

"నాకిది అలవాటే" అన్నాను.

ఆమె దిండు తీసుకుని పక్క మంచానికి వెళ్ళిపోయింది. వార్డు నిండా పిల్లలు, ఆమెకు నాతో వాదించే తీరిక ఎక్కడిది?

క్వార్టర్‌లో రెండు గదులు. పాలిచ్చేటప్పుడు నన్నెవరూ చూడకూడదని మూలకు తాడు కట్టించి చీర వేలాడదీశాను. దాని వెనక పీట వేసుకుని, వీపు నిటారుగా పెట్టి, పాపను ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి, పైన కొంగు కప్పి, రొమ్ము మొన పాప నోట్లో పెట్టేదాన్ని. కొంగు కింద పాప నోరు ఎలా పట్టిందో నాకు కనిపించేది కాదు. ఒడి కిందికి, రొమ్ము పైకి. మధ్యలో ఉన్న దూరమంతా పాప తన చిన్న చిగుళ్ళతో లాగేది.

ఆ నొప్పి ఎలా ఉంటుందంటే, తలుపు సందులో వేలు నలిగి, ఆ తలుపును ఎవరూ తెరవనట్టు ఉంటుంది. కాలి వేళ్ళు ముడుచుకుపోయేవి. కొంగు అంచు పళ్ళ మధ్య పెట్టుకునేదాన్ని. వారం తిరగకుండానే మొనలు పగిలాయి. ఒకసారి పాప కక్కిన పాలల్లో ఎర్రటి చార కనిపించింది. పాపకేదో అయిందనుకుని ప్రాణం పోయినంత పనైంది. అది నా నెత్తురే.

చీర అవతలి నుంచి అత్తమ్మ అడిగేది. "తాగుతున్నదా బిడ్డ?"

"తాగుతోంది అత్తమ్మా."

"మరి ఏడుస్తున్నదేంది?"

"పడుకోబోతోంది."

ఆ చీరకు అవతలే సరిత ఉండేది. నా కంటే చిన్నది. ఇల్లెందు పిల్ల. వాళ్ళ నాన్న కూడా గని మనిషే. మార్గశిరంలో కొడుకును కన్నది. సరిత పాలిచ్చే తీరు చెప్తాను. రెండు బొంతలు చుట్ట చుట్టి గోడకు వేసి, దానికి ఒరిగి, కాళ్ళు బార్లా చాపి, కొడుకును పొట్ట మీద వేసుకునేది. ఒక చేత్తో పల్లీలు తినేది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి వాళ్ళమ్మతో మాట్లాడేది. మా మామ తలుపు దగ్గరికొచ్చి దగ్గితే "రాకుండ్రి మామా, పోరడు తాగుతున్నడు" అని నవ్వుతూ కేకేసేది.

ఒక రోజు ఫోన్లో ఆమె అన్న మాట చీర ఇవతలికి వినిపించింది. "ఏమో అమ్మా, వీడు గుంజుతాంటె నాకు నిద్రొస్తది."

నిద్ర! కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్న నాకు ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. అంతవరకు సరిత అంటే నాకు మంచీ లేదు, చెడూ లేదు. ఆ రోజు నుంచి ఆమె నిద్ర మీద ఈర్ష్య, ఆమె రవికె మీద పాల తడి మీద ఈర్ష్య, ఆమె కొడుకు తొడల మీద పడిన మడతల మీద ఈర్ష్య. వాడు తాగి తాగి మత్తులో నోరు వదిలితే పెదవి చివర పాలచుక్క ఒకటి నిలబడేది. ఆ చుక్కను కూడా నేను ఓర్చుకోలేకపోయాను.

"అక్కా, నీకు సరిపోకుంటె చెప్పు. నాయి కారిపోతున్నయి" అంది సరిత ఒకసారి, చీర పక్కకు జరిపి.

"మా ఇంట్లో అడిగే అలవాటు లేదు."

"అడగకు. బిడ్డను ఏడిపియ్యకు గూడ. ఆవలి క్వార్టర్ దాంక ఇనొస్తున్నది."

శివరాత్రి తర్వాత

పాపను తూకం వేయించడానికి అంగన్‌వాడీకి తీసుకెళ్ళాను. వరండాలో చాలామంది తల్లులున్నారు. అడవి ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు పిల్లలను గుడ్డతో ఒంటికి కట్టుకుని, నిలబడే, ఒక చేత్తో కార్డు పట్టుకుని, మాట్లాడుకుంటూనే పాలిస్తున్నారు. ఎవరూ కిందికి చూసుకోవడం లేదు. వాళ్ళలో ఒకామె నాకు చోటిచ్చి "కూసో దొరసానీ" అంది. మా ఇంటిపేరు తెలిసి అందో, నా కూర్చునే తీరు చూసి అందో తెలియదు. ఇంకెప్పుడైనా అయితే ఆ మాట నాకు సంతోషంగా ఉండేది. ఆ రోజు ఆమె ఒంటికి కట్టుకున్న బిడ్డనే చూస్తూ ఉండిపోయాను.

పాప బరువు పెరగలేదు. అంగన్‌వాడీ టీచర్ మళ్ళీ వేసి చూసింది.

"తల్లి మంచిగ తింటున్నదా?" అని నన్ను కాదు, అత్తమ్మను అడిగింది.

ఇంటికొచ్చాక అత్తమ్మ శ్రీధర్‌తో వంటింట్లో అంటుంటే విన్నాను. "బిడ్డ ఎండిపోతున్నదిరా. నీ పెండ్లాం ఆ చీరెనక ఏం చేస్తదో నాకు తెల్వదు. చూడనియ్యదు, చెప్పదు."

శ్రీధర్ వచ్చి చీర అవతల నిలబడ్డాడు. ఆయన నెమ్మది మనిషి. "నొప్పి ఉన్నదా?" అన్నాడు.

"లేదు."

"డబ్బా పాలు తేవాల్నా?"

"ఎందుకు? నేను లేనా?"

చీర కింద ఆయన పాదాలు వెనక్కి తిరగడం చూశాను. ఆ పాదాలను ఇటు పిలవడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నా నోటికి రాలేదు.

రామనవమి ముందు

ఎడమ రొమ్ములో గోలీ అంత గట్టితనం మొదలైంది. ఆ తర్వాత నిమ్మకాయంత. చర్మం ఎర్రగా, నున్నగా, తాకితే పొయ్యి రాయిలా వేడిగా. రాత్రంతా కాగిన జ్వరం పొద్దున పల్చబడేది, మధ్యాహ్నానికి మళ్ళీ వణుకు. నేను ఎవరికీ చెప్పలేదు. ఉప్పు మూట కాచి రహస్యంగా కాపు పెట్టుకున్నాను. ఇది చదివే తల్లులకు ఒక్కటే చెప్తాను. అక్కడ ఎర్రబడి జ్వరం వచ్చిందంటే అదే రోజు దవాఖానాకు వెళ్ళండి. నేను వెళ్ళలేదు.

ఒక మధ్యాహ్నం పాప ఏడుపు ఆగకపోతే అత్తమ్మ అడక్కుండా చీర లాగేసింది. నేను పీట మీద నిటారుగా కూర్చుని వణుకుతున్నాను.

"ఓ బిడ్డో! గింత జరం పెట్టుకొని పీట మీద కూసున్నవా?" అని నా నుదురు పట్టుకుంది. "సరితా! పోరన్ని ఎత్తుకో. దవాఖానకు పోవాలె. జల్దీ!"

సరిత ఎందుకు రావాలో నాకప్పుడు అర్థం కాలేదు. అత్తమ్మకు మాత్రం ముందే తెలుసు.

రాములోరి కల్యాణం దగ్గర పడింది. రోడ్డంతా జనం. అడవిలో ఇప్పపూలు రాలే కాలం. ఆటోలోకి ఆ తీపి వాసన వస్తోంది. గోదావరి బ్రిడ్జి మీద బండ్లు ఆగిపోయాయి. పసుపు చీరలు, తలల మీద మూటలు, రామనామం. ఆటోలో నేను ముందుకు వంగలేను, వెనక్కి ఆనలేను. నా ఒళ్ళో పాప. నా ఎదురుగా సరిత, ఆమె ఒళ్ళో ఆమె కొడుకు, హాయిగా తాగుతూ.

దవాఖానాలో లేడీ డాక్టర్ ఒక్కసారే చూసింది. "చీము పట్టింది. ఇవాళే తీసెయ్యాలి. జ్వరం రాగానే ఎందుకు తీసుకురాలేదు?"

శ్రీధర్ షిఫ్టు మధ్యలోంచి పరుగెత్తుకొచ్చాడు. బట్టల మీద బొగ్గు దుమ్ము అలాగే ఉంది. "మాకు చెప్పలేదు మేడం" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

పాప ఆకలికి గుక్కపట్టింది. డాక్టర్ సరిత వైపు చూసి, ఆమె కాన్పు కార్డు తెప్పించి, రక్తపరీక్షలు చూసింది. "పరీక్షలు బాగున్నాయి. ఈమె జ్వరం తగ్గేదాకా నువ్వు తాపొచ్చు" అంది. తర్వాత నా వైపు తిరిగి "కానీ నీ రెండోవైపు ఆపకూడదు. కోలుకోగానే పట్టించాలి. అందాకా పిండి తీస్తూ ఉండు. ఆపితే అదీ గడ్డ కడుతుంది" అంది.

తర్వాత సూది, మత్తు, ఎవరివో మాటలు. కళ్ళు తెరిచేసరికి వార్డులో ఉన్నాను. ఎదురుగా గోడ వారన బెంచీ. బెంచీ మీద సరిత. ఆమె పొట్ట మీద నా పాప.

ఒక చప్పుడు వినిపిస్తోంది. గుటక్, గుటక్. మధ్యలో చిన్న ఊపిరి. మళ్ళీ గుటక్. అది నా బిడ్డ మింగుతున్న చప్పుడు. పుట్టిన నాటి నుంచి నా దగ్గర అది ఒక్కసారి కూడా ఆ చప్పుడు చేయలేదు.

కడుపు నిండాక పాపను తెచ్చి నా పక్కన పడుకోబెట్టారు. చెంప మీద చిన్న చిన్న గుంటలు, వరుసగా. ఏమిటా అని చూశాను. సరిత నల్లపూసల అచ్చు. నేను వేలితో రుద్దాను. పోలేదు. తడి చేసి రుద్దాను. పాప ఉలిక్కిపడి ఏడ్చింది.

"ఎందుకే బిడ్డను సతాయిస్తవు?" అంది అత్తమ్మ.

"అత్తమ్మా, సరితను ఇల్లెందు పంపించండి. నాలుగు రోజులు పుట్టింట్లో ఉండి వస్తుంది."

అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పంపితే నీ బిడ్డ ఏం తాగుతది? నీ పౌరుషమా?"

సరిత బెంచీ మీద నుంచి అంతా విన్నది. కొడుకుకు టోపీ సరిచేసింది.

రామనవమి

మా అమ్మా నాన్నా పాల్వంచ నుంచి వచ్చారు. కిరాయి ఇంట్లో ఉన్నా మా అమ్మ చీర కుచ్చిళ్ళు నలగనివ్వదు. చేతిలో ఆకు పొట్లం. విప్పితే మల్లెపూలు, గట్టిగా కట్టిన మూరలు.

"రాములోరి బజారులో దొరికినయి" అంది. "రెండు రొమ్ములకూ కట్టుకో. పాలు ఇంకిపోతయి. ఈ బాధ ఇంతటితో పోతది."

పాలు మాన్పించడానికి మల్లెలు కట్టడం మా వైపు అందరికీ తెలిసిందే. పొట్లం నా ఒళ్ళో పెట్టింది. వార్డులో మందుల వాసన మీద మల్లెల వాసన పరుచుకుంది.

"పాప?" అన్నాను.

"డబ్బా పాలు లేవా? నీ యారాలు సరిత లేదా? మన ఇంట్ల ఏ ఆడది ఇచ్చింది గనుక? మీ నానమ్మ ఇచ్చిందా? నేనిచ్చిన్నా? మీ నాన్నకు పాలతల్లి ఇచ్చింది, నీకు డబ్బా పాలు పోసిన. ఇదేం కొత్త కాదు."

నిజమే. మా ఇంటి ఆచారం అది. గడిలో బిడ్డ పుడితే అడవి ఊళ్ళలోంచి బాలింతను తెచ్చేవారు. పాలతల్లి అనేవారు. మా నాన్నకు పాలిచ్చినామె ముత్తవ్వ. ఆ పేరు నేను చిన్నప్పుడు విన్నదే. ఎప్పుడూ ఒక్క పేరుగానే విన్నాను, కథగా వినలేదు.

నాన్న మంచం చివర నిలబడి ఉన్నాడు. మాట తక్కువ మనిషి.

"ముత్తవ్వను ఎట్ల పంపిండ్రో నీకు తెలుసా?" అన్నాడు.

"ఇప్పుడెందుకండీ అది?" అంది అమ్మ.

నాన్న వినలేదు. "నాకు జ్వరమొచ్చి అమ్మా అని కలవరిస్తే మా అమ్మ దొరసాని వచ్చి పక్కన కూసున్నదట. నేను ఆమెను తోసేసి ముత్తవ్వ కోసం చేతులు చాపిన్నట. తెల్లారి ముత్తవ్వకు కొత్త చీర పెట్టి దొడ్డి తలుపు నుంచి పంపించిండ్రు. మళ్ళ గడిలో అడుగు పెట్టొద్దని మాట. నాకు గుర్తు లేదు. చూసినోళ్ళు చెప్పిండ్రు. ఆమె వాగు దాటేదాక కొత్త చీర ముందంతా పాలతో తడిసిపోయిందట."

నాన్న మంచం చివర కడ్డీ పట్టుకున్నాడు.

"మా అమ్మ నన్ను మళ్ళ దగ్గరికి తీసుకోలేదు బిడ్డా. నేనూ పోలేదు. మేం ఒకరినొకరం మర్యాదగ పిలుచుకున్నం, ఆమె పోయేదాక."

నేను సరితను పంపించమని అడిగిన సంగతి నాన్నకు తెలియదు. మల్లెపూలు చేతిలోకి తీసుకున్నాను. కట్టుకుంటే నొప్పి పోతుంది. నిజంగానే ఆశ కలిగింది. మళ్ళీ ఆ తలుపు సందులో వేలు పెట్టక్కర్లేదు. అప్పుడే బెంచీ మీద సరిత పాపను ఎత్తుకుంది. పాప ఆమె మెడలోకి తల దూర్చింది, వాసన పట్టి, ఇంట్లోకి దూరినట్టు.

అవి కట్టుకోవడం నా వల్ల కాలేదు. మంచితనం వల్ల కాదు. ముత్తవ్వ మీద జాలి వల్ల కూడా కాదు, అప్పటికి. ఆ చోటు నాది. దాన్ని ఆ ఇల్లెందు పిల్లకు వదిలిపెట్టి, నేను దూరం నుంచి మర్యాదగా చూస్తూ కూర్చోలేను.

పొట్లం అమ్మకు తిరిగిచ్చాను. "నాకొద్దు."

"మరి ఏం చేస్త వీటిని?"

"ఇటియ్యిండ్రి, జడల పెట్టుకుంటది సరిత" అంది అత్తమ్మ.

"వామ్మో, నాకొద్దు! నా పాలు ఇంకిపోతే ఇద్దరు పోరగాళ్ళు నన్ను తింటరు" అంది సరిత. వార్డులో పక్క మంచం ఆమె నవ్వింది. నాన్న ఆ పూలను కల్యాణ మండపం వైపు తీసుకుపోయాడు.

అప్పటి నుంచి నేను సరితను చూడటం మొదలుపెట్టాను. అంతకుముందు చూసింది ఏడవడానికి. ఇప్పుడు దొంగ చూసినట్టు చూశాను. ఓర్వలేని కళ్ళకు ఏదీ దాగదు. ఆమె బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టదు, పక్కకు తిప్పి, బిడ్డ పొట్టను తన పొట్టకు ఆనిస్తుంది. మొనను నోట్లోకి తోయదు. ముక్కు దగ్గర ఆనించి ఊరుకుంటుంది. పాప పిట్టపిల్లలా నోరంతా తెరిచినప్పుడు, రొమ్మును బిడ్డ దగ్గరికి కాదు, బిడ్డను రొమ్ము దగ్గరికి లాక్కుంటుంది. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లభాగం దాదాపు అంతా నోట్లోకి పోతుంది. గడ్డం రొమ్ములోకి నొక్కుకుంటుంది. కింది పెదవి బయటికి మడిచినట్టు ఉంటుంది. ఇవన్నీ కావాలంటే తల్లి వెనక్కి ఒరగాలి. నిటారుగా కూర్చుంటే కుదరదు.

చైత్రం

జ్వరం తగ్గింది. ఎడమవైపు కట్టు. కుడివైపు పట్టించమన్నారు. మంచం మీద దిండు పెట్టుకుని వెనక్కి ఒరిగాను. జీవితంలో మొదటిసారి కూర్చున్నప్పుడు నా వీపు దేనికో ఆనింది. సిగ్గనిపించింది. సరిత చేసినట్టే చేశాను, ఒక్కటీ తప్పకుండా.

పాప నా రొమ్మును వాసన చూసి ముఖం తిప్పుకుంది.

మళ్ళీ ప్రయత్నించాను. వీపు విల్లులా వంచి ఏడ్చింది. అత్తమ్మ చేతులు చాపింది. పాపను తీసుకుని సరితకిచ్చింది. క్షణంలో నిశ్శబ్దం. గుటక్, గుటక్.

డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక కూడా అంతే. నేను పిండి తీసిన పాలు గిన్నెలో పోసి చెంచాతో పట్టేదాన్ని. మింగేది. రొమ్ము చూపిస్తే ఏడ్చేది. నా పాలతో దానికి పేచీ లేదు. పేచీ నాతోనే. కొన్ని రోజులు సరిత గది దాటి బయటికి వెళ్తే చాలు, నా గుండె తేలికయ్యేది. ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తే మళ్ళీ బరువెక్కేది. శ్రీధర్ షిఫ్టు నుంచి వచ్చి పాపను ఎత్తుకుని ఆడించేవాడు. ఆయన చేతుల్లో నవ్వేది. సరిత చేతుల్లో నవ్వేది. నేను పాలిచ్చే ప్రయత్నం చేస్తానని దానికి తెలిసిపోయినట్టు, నన్ను చూస్తే పెదవి విరిచేది.

"రవికె తీసి ఊకె మీదేస్కో" అంది అత్తమ్మ. "తాపుదామని జూడకు. పండుకోనియ్యి. అదే వస్తది."

"రాకపోతే?"

"రాకుంటె రాదు. ముందుగాల్నే ఏడిస్తె వస్తదా?"

ఒక సాయంత్రం నేనే చీర తీసేశాను. తాడు మాత్రం మిగిలింది. గది అవతల సరిత తన బొంతల చుట్టకు ఆనుకుని ఉంది.

"సరితా, ఆ బొంతలు ఇటియ్యి."

"ఏ బొంతలు?"

"నువ్వు ఆనుకునేవి."

"నీ పీటకేమైంది అక్కా?"

నేను చెయ్యి చాపాను. సరిత కొడుకును చంకనెత్తుకుని, కాలితో బొంతల చుట్టను నా వైపు దొర్లించింది.

దానికి ఒరిగాను. బొంతల్లో సరిత వాసన. కొబ్బరినూనె, పల్లీలు, పులిసిన పాలు. పాపను నా పొట్ట మీద వేసుకున్నాను, ఇద్దరి చర్మం తగిలేట్టు. అది కాసేపు అలాగే పడుకుంది. తర్వాత తల ఇటూ అటూ తిప్పింది. ముక్కుతో వెతికింది. నేను కదల్లేదు. నోరు తెరిచింది, పిట్టపిల్లలా. లాక్కున్నాను.

నొప్పి వస్తుందని కాలి వేళ్ళు ముడుచుకున్నాయి. రాలేదు. గుంజుతున్నట్టు తెలిసింది, అంతే.

గుటక్.

సరిత వాసనకే వచ్చిందేమో. నన్ను సరిత అనుకునే వచ్చిందేమో. ఆ అనుమానం అప్పుడే, తాగుతుండగానే కలిగింది. రానీ అనుకున్నాను. ఎవరి వాసనకు వచ్చినా తాగుతున్నది నా పాలు.

అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసి, నోటి మీద వేలు పెట్టుకుని, మామను కూడా మాట్లాడనివ్వలేదు.

వైశాఖం

పాప పూర్తిగా నా దగ్గరికి మళ్ళింది. ఎడమవైపు గాయం కూడా మానింది. రెండో రొమ్ము కూడా పట్టింది. అంగన్‌వాడీలో టీచర్ బరువు చూసి, ఈసారి అత్తమ్మను కాదు, నన్ను చూసి తల ఊపింది.

ఇద్దరికి అలవాటుపడిన సరిత ఒంటికి మాత్రం అది తెలియదు. ఒక పొద్దున ఆమె పెరటి గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. రవికె ముందంతా తడి. ముఖం నల్లబడింది.

నాకు ముందు ఏం కలిగిందో దాచను. మనసుకు చల్లగా ఉంది. ఇప్పుడు తెలిసిందా అనిపించింది. ఆ తర్వాత ఆ తడిసిన రవికె చూస్తుంటే, నేనెప్పుడూ చూడని ఒక కొత్త చీర, ఒక దొడ్డి తలుపు, ఒక వాగు గుర్తొచ్చాయి.

నీళ్ళు కాచాను. గుడ్డ ముంచి పిండి తెచ్చి ఇచ్చాను. "ముందు వేడి కాపు పెట్టు. తర్వాత కొంచెమే పిండు, ఊరట వచ్చేదాకా. ఎక్కువ తీస్తే ఇంకా ఊరుతాయి."

"నీకెట్ల తెలుసు?"

"నాకు తెలియదా?"

సరిత గుడ్డ అద్దుకుంటూ నా ఒళ్ళో ఉన్న పాప వైపు చూసింది. "ఇగ నా దగ్గరికి రాదా అక్కా అది?"

ఆమె కళ్ళల్లో ఉన్నది నాకు బాగా తెలిసిన వస్తువే. అది ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉందనుకున్నాను.

"వస్తుంది. ఆకలికి కాదు. ఊరికే" అన్నాను. పాపను ఆమె ఒళ్ళో పెట్టాను. పెట్టి, వంటింట్లోకి వెళ్ళకుండా అక్కడే కూర్చున్నాను. అంతవరకే నా చేతనయింది.

ఇప్పటికీ సరిత ఎత్తుకుని తెచ్చిన తర్వాత పాప చెంప చూస్తాను. అచ్చు ఉందా అని. ఉంటే రుద్దను. దాన్ని ఇటు తిప్పి పాలిస్తాను. తాగి నిద్రపోయేసరికి రెండో చెంప మీద నా నల్లపూసల అచ్చు పడుతుంది.

ఇలాంటి నొప్పి పడుతున్నవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. నొప్పి ఉంటే బిడ్డ పట్టు సరిగా లేదని అర్థం, మీరు తల్లి కాదని కాదు. చీర అడ్డం కట్టుకోకండి, ఒకరినైనా చూడనివ్వండి. వెనక్కి ఆనుకోండి. పక్కామె మీద కుళ్ళు వస్తే వచ్చిందని ఒప్పుకుని, ఆమె చేసేది బాగా చూడండి.

నానమ్మ పీటను సత్తుపల్లి నుంచి వచ్చే పాత కర్ర వ్యాపారికి వైశాఖంలో అమ్మేశాం. ఇత్తడి పువ్వులను అతను ఊడదీసి, విడిగా తూకం వేసుకున్నాడు.